వెన్న పడాలంటే చల్లదనం కావాలి

(కావలిలో ఒక ఆదివారం సాయంత్రం, డెయిరీ పరీక్షల విభాగంలో పనిచేసి రిటైరైన మేడం గారు బల్ల మీద చేసి చూపిస్తూ మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప మిగతాదంతా ఆవిడ మాటల్లోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్లు కూడా ముందుకు రండమ్మా. ఈ బల్ల మీద జరిగేది అందరికీ కనబడాలి. వెన్న సంగతి వింటే సరిపోదు, చూడాలి. ఆ ఫ్యాను కాస్త తగ్గించు బాబూ, మైకులో గాలి చప్పుడే వినిపిస్తోంది.

ముందు ఒక ప్రశ్న. ఇంట్లో మీగడ దాచి వెన్న తీసేవాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. మంచిది, సగానికి పైనే ఉన్నారు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఎండాకాలంలో మిక్సీ ఎంతసేపు తిప్పినా వెన్న పడకుండా, అంతా జావగా, జిడ్డుగా అయిపోయింది ఎంతమందికి? చూశారా, దాదాపు అవే చేతులు!

అప్పుడు మనం ఏమనుకుంటాం? పాలాయన నీళ్లు కలిపాడనుకుంటాం. మిక్సీ పాతదైపోయిందనుకుంటాం. ఎవరి కన్నో పడింది, దిష్టి తగిలింది అనేవాళ్లూ ఉన్నారు. కాదమ్మా, ఇవేవీ కావు. వేడి. వేడి ఒక్కటే కారణం. మే నెలలో మన నెల్లూరు, ఒంగోలు వైపు 42, 43 డిగ్రీలు మామూలే కదా. ఆ వంటింట్లో, పొయ్యి పక్కన, బయటపెట్టిన మీగడను మిక్సీలో వేస్తే వెన్న ఎక్కణ్ణించి పడుతుంది? మీగడ సరైన చల్లదనంలో ఉంటే వెన్న పడుతుంది. మీ చెయ్యి ఎలాంటిదైనా పడుతుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే. తిప్పి తిప్పి ఇదే చెబుతాను, విసుక్కోకండి.

ఎందుకు అలా అని అడగాలి మీరు. అడగండి, చెబుతాను. పాలల్లో కొవ్వు ఎలా ఉంటుంది? కంటికి ఆనని చిన్న చిన్న బొట్లుగా ఉంటుంది. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో మూడు నాలుగు భాగాలంత బొట్టు. ప్రతి బొట్టు చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. ఆ పొర ఉన్నంతకాలం బొట్లు పక్కపక్కనే ఉన్నా ఒకదానితో ఒకటి కలవవు. కొవ్వు నీళ్లకన్నా తేలిక కాబట్టి, పాలు కదపకుండా ఉంచితే బొట్లన్నీ పైకి చేరతాయి. అదే మీగడ. చిలకడం అంటే ఏమిటి? ఆ బొట్లను ఒకదానికొకటి తగిలేలా కొట్టి, పొరలు చిరిగేలా చేయడం. పొర చిరిగితే లోపలి కొవ్వు బయటపడి పక్క బొట్టును పట్టుకుంటుంది. అలా పట్టుకుంటూ పట్టుకుంటూ పలుకవుతుంది, పలుకులు కలిసి ముద్దవుతుంది.

ఇప్పుడు వేడి దగ్గరికొద్దాం. మీగడ వేడెక్కితే బొట్టులోని కొవ్వంతా నూనెగా మారిపోతుంది. నూనెను నీళ్లలో వేసి గట్టిగా గిలక్కొడితే ఏమవుతుంది? ఇంకా చిన్న బొట్లుగా చెదిరిపోతుంది. ఇక్కడా అంతే. వెన్నగా రావలసిన కొవ్వు మజ్జిగలోనే ఉండిపోతుంది. పోనీ, ఫ్రీజర్‌లోంచి తీసి తీసినట్టే వేస్తే? అప్పుడు కొవ్వు మరీ గట్టిగా ఉంటుంది, పలుకులు ఒకదానికొకటి అంటవు. మోటారు మూలుగుతుంది తప్ప వెన్న రాదు. కొవ్వు కొంత గట్టిగా, కొంత మెత్తగా ఉండాలి. గట్టిపడిన కొవ్వు పొరను గుచ్చుతుంది, మెత్తగా ఉన్నది అతికిస్తుంది. రెండూ కావాలి. డెయిరీల్లో పులియబెట్టని మీగడను 10 నుంచి 13 డిగ్రీల దగ్గర చిలుకుతారు. మన ఇంట్లో తోడు వేసిన మీగడ, అందులోనూ గేదె పాల మీగడ అయితే, 15 దాకా ఉన్నా ఫరవాలేదు. గేదె కొవ్వు ఆవు కొవ్వుకన్నా కాస్త ఎక్కువ వేడి దగ్గర కరుగుతుంది, అందుకని.

మన పెద్దవాళ్ల దగ్గర థర్మామీటర్ లేదు. మరి వాళ్లకెలా వచ్చింది? ఇక్కడ ముందు వరసలో పెద్దమ్మలు కూర్చున్నారు, వాళ్లనే అడుగుదాం. అమ్మా, మీ ఇంట్లో దాలి ఉండేదా? ఉండేదంటున్నారు. చిన్నపిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. నేలలో చిన్న గుంట, అందులో పిడకల నిప్పు, దాని మీద మట్టికుండలో పాలు. మంట ఉండదు, సన్నటి సెగ మాత్రమే. పొద్దున పెట్టిన పాలు సాయంత్రం దాకా కాగి కాగి లేత ఎరుపు రంగు తిరిగేవి. పైన మీగడ మందంగా కట్టేది. రాత్రికి తోడు వేసి, తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే స్తంభానికి కవ్వం కట్టి తాడుతో చిలికేవాళ్లు. ఆ వేళకే ఎందుకు? పనులు ఎక్కువ, తీరిక ఉండదు, అది నిజమే. కానీ ఇరవై నాలుగు గంటల్లో అన్నిటికన్నా చల్లగా ఉండేది ఆ వేళే. అంతేనా? ఎండాకాలంలో కుండలోని చల్లటి నీళ్లు ఒక చెంబెడు పోసేవాళ్లు. చలికాలంలో గోరువెచ్చటి నీళ్లు పోసేవాళ్లు. పోసేవారా లేదా పెద్దమ్మా? చూడండి, తల ఊపుతున్నారు. డెయిరీలో మేము మీటర్లు చూసి చేసిన పనినే వాళ్లు చేతి వేళ్లతో చేశారు. ఆ నేర్పును నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గౌరవించాను, ఇప్పటికీ గౌరవిస్తాను.

ఇంకో సంగతి. వాళ్లు పెరుగంతా చిలికేవాళ్లు, మనం మీగడ మాత్రం తీసి చిలుకుతున్నాం. పెరుగంతా చిలికితే చిలకడం ఎక్కువసేపు పడుతుంది, మజ్జిగ ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. మనకు పాలు కాఫీకి కావాలి, పెరుగు పెరుగుగానే కావాలి, కాబట్టి మీగడ దారి మనది. రెండూ మంచి దారులే.

మీగడ దాచడం

సరే, పాల సంగతి. ప్యాకెట్ పాలు కొనేవాళ్లు ప్యాకెట్ రంగు చూసి కొనకండి. ఒక్కో కంపెనీ రంగు ఒక్కోలా ఉంటుంది. దాని మీద రాసి ఉన్నది చదవండి. ఫుల్ క్రీమ్ అంటే కొవ్వు 6 శాతం. స్టాండర్డైజ్డ్ అంటే 4.5. టోన్డ్ అంటే 3. డబుల్ టోన్డ్ అయితే 1.5 మాత్రమే. డబుల్ టోన్డ్ పాలు తెచ్చుకుని మీగడ కట్టలేదని బాధపడితే ఎలా? ఇంకొకటి చూడండి, హోమోజనైజ్డ్ అని రాసి ఉందా? ఆ పాలను చాలా ఒత్తిడితో సన్నటి సందులోంచి పంపుతారు. ఇందాక చెప్పిన బొట్లు ఇంకా చిన్న ముక్కలైపోయి పైకి తేలవు. తాగడానికి బాగుంటాయి, మీగడకు పనికిరావు. నెలల తరబడి బయట నిలవుండే అట్టపెట్టె పాలు కూడా అలాంటివే.

ఫుల్ క్రీమ్ పాలు లీటరులో సుమారు 60 గ్రాముల కొవ్వు ఉంటుంది. అదంతా వెన్నలోకి వస్తే, వెన్నలో కొంత నీరు కూడా ఉంటుంది కాబట్టి, 70 గ్రాముల పైచిలుకు రావాలి. కానీ అంతా రాదమ్మా. కొంత పాలల్లోనే మిగులుతుంది, కొంత మజ్జిగలో పోతుంది. కాబట్టి ఎవరైనా లీటరుకు వంద గ్రాముల వెన్న వచ్చిందంటే, అందులో నీళ్లు పిండలేదని అర్థం.

పాలు కాచేటప్పుడు పొంగగానే దించేయకండి. మంట బాగా తగ్గించి ఇంకో పది నిమిషాలు ఉంచండి. పచ్చి పాల మీద మీగడ తీసి వెన్న చేస్తామనేవాళ్లు ఉన్నారు. వద్దు. పశువుల నుంచి మనకు వచ్చే జబ్బులు కొన్ని పచ్చి పాలల్లోంచే వస్తాయి. కాచిన పాలే వాడండి. కాచాక చిల్లుల మూత పెట్టి చల్లారనివ్వండి. నిండు మూత పెడితే ఆవిరి నీళ్లయి మీగడ మీద పడుతుంది. చల్లారాక ఫ్రిజ్‌లో ఒక రాత్రంతా ఉంచండి. పొద్దున గరిటెతో పక్క నుంచి లేపితే దుప్పటి మడతలా చేతికొస్తుంది.

ఇప్పుడు దాచడం. ఈ జిల్లా ఆడవాళ్లకు దాచడం గురించి నేను చెప్పేదేముంది? సారా వ్యతిరేక ఉద్యమం నడిపి, ఆ తర్వాత రోజుకో రూపాయి పక్కన పెట్టి పొదుపు సంఘాలు కట్టినవాళ్లు మీరు. ఒక్క తేడా గుర్తుంచుకోండి. రూపాయి నెల ఉన్నా రూపాయే, మీగడ నెల ఉంటే మీగడగా ఉండదు. ఫ్రిజ్‌లో కూడా పెరిగే సూక్ష్మజీవులు ఉన్నాయి. అవి కొవ్వును విడగొడతాయి, చేదొస్తుంది, ముక్కవాసన వస్తుంది. నెయ్యి కాస్తే వాకిలి దాకా కంపు. మీగడ ఎక్కువైతే వెన్న ఎక్కువ వస్తుందని మూడు వారాలు, నాలుగు వారాలు దాస్తున్నారు. వద్దు తల్లీ. వారానికి ఒకసారి చిలకండి, కొంచెమే వచ్చినా సరే.

మొదటి రోజు డబ్బా అడుగున ఒక చెంచా మంచి పెరుగు వేయండి. దాని మీద మీగడ వేసి కలపండి. రోజూ వేసిన మీగడను కిందదానితో కలపండి, పొరలు పొరలుగా వదిలేయకండి. పెరుగులోని పులుపు చెడు సూక్ష్మజీవులను పెరగనివ్వదు. స్టీలు డబ్బా గానీ గాజు సీసా గానీ, గట్టి మూత ఉండాలి. ఎందుకంటే కొవ్వు వాసనలు పట్టేస్తుంది. చేపల పులుసు మనకు ప్రాణం, కాదనను, మరుసటి రోజుకు ఇంకా బాగుంటుంది కాబట్టి ఫ్రిజ్‌లోనూ పెడతాం. దాని పక్కన మూత లేని మీగడ గిన్నె పెడితే ఇక ఆ వెన్న ఎవరికి పెడతారు?

చిలకబోయే ముందు రోజు రాత్రి డబ్బా బయట పెట్టండి, మొత్తం ఒకేలా పులుస్తుంది. ఎండాకాలం అయితే రాత్రంతా వద్దు, నాలుగైదు గంటలు చాలు. కమ్మటి పెరుగు వాసన రావాలి, ముక్కు ముడుచుకునే పులుపు రాకూడదు. వెన్నకు ఆ కమ్మదనం ఎక్కణ్ణించి వస్తుందనుకున్నారు? ఈ పులవడంలోనే పుడుతుంది. ఆ తర్వాత తప్పకుండా మళ్లీ ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టండి. చాలామంది ఇక్కడే వదిలేస్తున్నారు. పులిసింది కదా అని నేరుగా మిక్సీలో వేస్తున్నారు. పులవడానికి వెచ్చదనం కావాలి, చిలకడానికి చల్లదనం కావాలి. మధ్యలో ఆ రెండు గంటలు ఎవరూ దాటవేయకండి.

చిలకడం

ఇదిగో మీగడ. పొద్దున్నుంచి పులిసింది, ఇక్కడికి ఐసు పెట్టెలో తెచ్చాం. అమ్మా, మీరు రండి, గిన్నె బయట చెయ్యి పెట్టి చూడండి. ఎలా ఉంది? కొత్త కుండలో నీళ్లంత చల్లగా ఉందంటున్నారు. అంతే కావాలి. వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంటే ఎక్కువ, ఏమీ తెలియకపోతే తక్కువ.

జార్‌లో సగానికి మించి పోయను. ఎందుకంటే మొదట గాలి పట్టి పొంగుతుంది. సగం గ్లాసు చల్లనీళ్లు పోస్తున్నాను. ఇప్పుడు ఆపి ఆపి తిప్పుతాను. ఒకటే తిప్పుడు తిప్పితే బ్లేడు రాపిడికి మీగడ వేడెక్కుతుంది, అప్పటిదాకా చల్లబెట్టిందంతా వృథా. కాసేపు తిప్పడం, ఆపడం, మూత తీసి చూడడం.

చూడండి, ఇప్పుడు నురగ. పల్చగా ఉంది. ఇంకోసారి. ఇప్పుడు చిక్కబడింది, జార్ గోడలకు పట్టుకుంటోంది. కేకుల మీద వేసే క్రీమ్ ఈ దశలోనే ఉంటుంది. చాలామంది ఇక్కడ భయపడి, ఇంకా రాలేదని ఒకేసారి గట్టిగా తిప్పేస్తారు. ఓపిక పట్టండి. చప్పుడు వినండి. ఇప్పటిదాకా మిక్సీ చప్పుడు బరువుగా, మూసుకుపోయినట్టు ఉంది కదా? వినండి... మారింది! విన్నారా? టపటపమని నీళ్లు కొట్టుకునే చప్పుడు. మూత తీస్తున్నాను. దగ్గరికి రండి. జార్ గోడలు తేటగా అయిపోయాయి, ఇందాక అంటుకున్న మీగడ లేదు. పల్చటి తెల్లటి మజ్జిగ మీద జొన్నగింజలంత పలుకులు తేలుతున్నాయి. ఆగాల్సింది ఇక్కడే. ఇంకా తిప్పితే పలుకులన్నీ ముద్దయి లోపల మజ్జిగను పట్టుకుంటాయి, తర్వాత ఎంత కడిగినా రాదు.

ఇప్పుడు ఒక గ్లాసు బాగా చల్లటి నీళ్లు పోసి, ఒక్కసారి మెల్లగా తిప్పి ఆపుతాను. పలుకులు గట్టిపడి విడివిడిగా నిలుస్తాయి. ఇలా వడకట్టేస్తాను. ఈ కిందికొచ్చిన మజ్జిగ పారబోయకండి, ఇంత మంచి మజ్జిగ బజారులో దొరకదు. అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి తాగండి. తాగాలనున్నవాళ్లు అడగండి, చల్లకొచ్చి ముంత దాచక్కర్లేదు, అందరికీ ఉంది.

కడగడం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. వెన్నలో మజ్జిగ మిగిలితే అందులోని చక్కెర, ప్రొటీన్ సూక్ష్మజీవులకు మేత. నాలుగు రోజులకే పుల్లబడుతుంది. ఐసు నీళ్లలో పలుకులను వేసి చేత్తో తిరగేయండి. నీళ్లు తెల్లబడ్డాయి, పారబోశాను. రెండోసారి, ఇంకా కాస్త తెలుపు ఉంది. మూడోసారి, చూడండి, అడుగున నా ఉంగరం కనబడుతోంది. ఇక చాలు. ఇప్పుడు చెక్క గరిటెతో గిన్నె గోడకు నొక్కండి. చూశారా, కన్నీటి బొట్లలా నీరు ఊరుతోంది. వంచేయండి, మళ్లీ నొక్కండి. నీరు రావడం ఆగేదాకా నొక్కాలి. అమ్మే వెన్నలో కొవ్వు 80 శాతానికి తగ్గకూడదని చట్టం. మనది అమ్మకానికి కాదు, అయినా నీరు తగ్గితే మనకే మంచిది, నిలవుంటుంది, నెయ్యి కాచేటప్పుడు చిటపటలాడదు.

ఉప్పు కావాలంటే 100 గ్రాములకు 2 గ్రాముల లోపు, మెత్తటి ఉప్పు. రాగి సంగటిలోకి, జొన్నరొట్టెలోకి, గోంగూర పచ్చడిలోకి అయితే ఉప్పు లేని వెన్నే బాగుంటుందని నా అభిప్రాయం. పచ్చడిలో ఉన్న ఉప్పు చాలదూ?

ఒక చెల్లెలు చీటీ పంపింది. బజారు వెన్న పచ్చగా ఉంటుంది, మనది తెల్లగా ఎందుకుంది, ఏమైనా తేడా ఉందా అని. ఏ తేడా లేదు తల్లీ. పచ్చగడ్డిలో కెరోటిన్ అని పసుపు పదార్థం ఉంటుంది. ఆవు దాంట్లో కొంత పాలల్లోకి పంపుతుంది, అందుకే ఆవు వెన్న పసుపు. గేదె దాన్ని రంగు లేని విటమిన్ ఏగా మార్చేస్తుంది, అందుకే గేదె వెన్న తెలుపు. బజారులో దొరికే ఉప్పు వెన్నకు చాలావాటిలో రంగు కలుపుతారు, అనాటో అనే గింజల నుంచి తీసిన రంగు. ప్యాకెట్ మీద రాసే ఉంటుంది.

ఆవు అన్నాం కాబట్టి మన ఒంగోలు జాతి గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఒంగోలు ప్రాంతం పూర్వం నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ పేరుతోనే బ్రెజిల్‌లో ఆ పశువులను నెలోర్ అంటారు. అక్కడ మాంసం కోసం లక్షలకు లక్షలు పెంచుతున్నారు. ఇక్కడ ఎద్దుల బలానికి పేరు. పాలు ఎక్కువ ఇవ్వదు గానీ, ఇచ్చిన పాలతో ఇంటి మట్టుకు మంచి వెన్న వస్తుంది. ఇంట్లో ఒంగోలు ఆవు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, మీగడ ఇంకాస్త చల్లగా చేసుకుని చిలకండి. ఆవు కొవ్వు త్వరగా మెత్తబడుతుంది.

ఇంకో చీటీ. బజారులో దొరికే ఫ్రెష్ క్రీమ్ డబ్బాతో వెన్న చేయొచ్చా? ఆ డబ్బాల్లో సాధారణంగా 25 శాతం కొవ్వు ఉంటుంది, విరగకుండా ఉండటానికి వేసే పదార్థాలు కూడా ఉంటాయి. విరగకుండా ఉండటానికే చేసినదాన్ని మనం విరగ్గొట్టాలని చూస్తే ఎలా వస్తుంది? పాలతో చేసిన విప్పింగ్ క్రీమ్, 35 శాతం పైన కొవ్వు ఉన్నది అయితే సులువుగా వస్తుంది. కానీ నాన్ డెయిరీ అని రాసి ఉంటే అది పాలది కాదు, వంటనూనెల కొవ్వు. దాంట్లో వెన్న లేదు.

గుండె జబ్బు ఉన్నవాళ్లు తినొచ్చా అని అడిగారు పెద్దాయన. వెన్న కొవ్వులో సగానికి పైగా శాచురేటెడ్ కొవ్వే అండీ. ఇంట్లో చేసినంత మాత్రాన అది మారదు. మీ డాక్టరు గారు ఎంత అంటే అంత.

నిలవ ఎంతకాలం? బాగా కడిగి పిండిన వెన్న, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం పది రోజులు. ఫ్రీజర్‌లో అయితే రెండు మూడు నెలలు ధైర్యంగా ఉంచొచ్చు. అంతకు మించి కావాలంటే నెయ్యి కాచుకోవడమే.

నెయ్యి గురించి చివర్లో క్లుప్తంగా చెబుతాను, సమయం అయిపోయింది. మందపాటి గిన్నె, సన్నటి మంట. మొదట నీరంతా ఆవిరవుతున్నంతసేపు గట్టిగా చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు సన్నబడుతుంది, బుడగలు చిన్నవవుతాయి, అడుగున గసి లేత గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పుడు మునగాకు రెమ్మో, తమలపాకో వేసి, అది కరకరలాడగానే మంట ఆపేయండి. గసి ముదురు రంగు వచ్చేదాకా చూస్తూ కూర్చోకండి, మంట ఆపాక కూడా గిన్నె వేడికి ఇంకా వేగుతుంది. కాస్త చల్లారాక వడకట్టి, తడి లేని సీసాలో పోయండి. తడి చెంచా పెట్టకండి. గసిలో కాస్త బెల్లం తురుము కలిపి పిల్లలకు పెట్టండి, చేతులు నాక్కుంటూ తింటారు.

ఇక రండి, సంగటి వేడిగా ఉంది, వెన్న చల్లగా ఉంది. పెద్దవాళ్లకు ముందు పెట్టండి బాబూ.